పన్నెండు దారుల సంగమం: ‘గ్రూప్ 1890’ ప్రదర్శన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1963 అక్టోబరులో న్యూఢిల్లీలో జరిగిన ‘గ్రూప్ 1890’ ప్రదర్శన ఆధునిక భారతీయ చిత్రకళలో ప్రసిద్ధమైన ఘట్టం. భిన్న మాధ్యమాలలో, భిన్న ధోరణులలో పనిచేస్తున్న పన్నెండుమంది కళాకారులు కలిసి నిర్వహించిన ఈ ప్రదర్శన వారికి మొదటిదీ, చివరిదీ కూడా. శైలీపరమైన ఏకత లేని ఈ బృందాన్ని కలిపిన అంశమేమిటి? ఇందులో సభ్యుడైన తెలుగు చిత్రకారుడు ఎం. రెడ్డెప్పనాయుడి స్థానాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: గ్రూప్ 1890, జె. స్వామినాథన్, రెడ్డెప్పనాయుడు, ఆధునిక చిత్రకళ, సామూహిక ప్రదర్శన.

1. ఉపోద్ఘాతం:
కళాకారులు బృందంగా ఏర్పడటానికి సాధారణంగా మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకే విద్యాలయంలో చదవటం, ఒకే నగరంలో నివసించటం, ఒకే శైలిని అనుసరించటం. 1947లో బొంబాయిలో ఏర్పడిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును నగరం కలిపింది. 1956లో ఏర్పడిన బరోడా గ్రూపును విద్యాలయం కలిపింది. ‘గ్రూప్ 1890’కి ఈ మూడు కారణాలలో ఏదీ పూర్తిగా వర్తించదు. సభ్యులలో పలువురికి గుజరాత్‌తో, బరోడాతో సంబంధం ఉన్నా, ఢిల్లీ, మద్రాసులలో పనిచేసేవారు కూడా ఇందులో ఉన్నారు. కాబట్టి ఈ బృందం ఐక్యతకు మూలాన్ని మరోచోట వెదకవలసి ఉంటుంది.

2. బృందావతరణం – నామకరణం:
1962 ఆగస్టులో కొందరు కళాకారులు గుజరాత్‌లోని భావనగర్‌లో పాండ్య అనే మిత్రుడి ఇంట సమావేశమయ్యారు. ఆ ఇంటి నంబరు 1890. బృందానికి అదే పేరయింది. కళోద్యమాల పేర్లు సాధారణంగా ఒక ఆశయాన్నో శైలినో సూచిస్తాయి. ఇంటినంబరు అటువంటిదేదీ సూచించదు. ‘ప్రగతి’, ‘నవ్యత’ వంటి మాటలు అప్పటికే అరిగిపోయాయని భావించినవారికి ఏ అర్థమూ మోయని అంకె అనుకూలంగా తోచి ఉండవచ్చు. నేనీ పేరును యాదృచ్ఛికమని వదిలివేయక, బృందతత్త్వానికి తొలి సూచనగా గ్రహిస్తున్నాను. కలిసి కూర్చున్న చోటే వారి ఉమ్మడి చిరునామా. అంతకుమించిన ఉమ్మడి సిద్ధాంతాన్ని ఆ పేరు ప్రకటించదు.

3. ప్రదర్శన – భిన్న సాధనలు:
మరుసటి సంవత్సరం అక్టోబరులో లలితకళా అకాడమీకి చెందిన రవీంద్రభవన్‌లో ప్రదర్శన జరిగింది. నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించారు. అప్పుడు భారతదేశంలో మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఆక్టావియో పాజ్ ప్రదర్శనగ్రంథానికి పరిచయవ్యాసం రాశారు. పాల్గొన్నవారు: జె. స్వామినాథన్, జేరామ్ పటేల్, అంబాదాస్, హిమ్మత్ షా, జ్యోతి భట్, గులాంమొహమ్మద్ షేఖ్, రాఘవ్ కనేరియా, బాలకృష్ణ పటేల్, రాజేశ్ మెహ్రా, ఎరిక్ బోవెన్, ఎస్.జి. నికమ్, రెడ్డెప్పనాయుడు.

వీరి పని తీరులలోని వ్యత్యాసం గమనింపదగినది. జేరామ్ పటేల్ చెక్కను బ్లోటార్చ్‌తో కాల్చి, ఆ నల్లని గాట్లనే రూపాలుగా మలచాడు. హిమ్మత్ షా కాగితాన్ని కాల్చి కొలాజులు చేశాడు. రాఘవ్ కనేరియా శిల్పి. లోహం అతని మాధ్యమం. అంబాదాస్‌ది రూపరహితమైన వర్ణప్రవాహం. స్వామినాథన్ పత్రికారచన నుండి, కమ్యూనిస్టు రాజకీయాల నుండి కుంచెకు వచ్చినవాడు. ప్రాచీన చిహ్నాలు, ఆదివాసీ కళ అతని ఆసక్తులు. షేఖ్ అప్పటికి ఇంకా పాతికేళ్ల యువకుడు.

ఇద్దరు కళాకారులు నిప్పును సాధనంగా వాడటం ఆకస్మికమే కావచ్చు. కాని పదార్థాన్ని బొమ్మకు ఆధారంగా మాత్రమే కాక, బొమ్మగానే చూడటం అనే దృష్టి పలువురిలో కనిపిస్తుంది. బృందంలో కొంత సామ్యం ఉన్నదంటే అది ఇక్కడే ఉంది. అయినా అది అందరికీ వర్తించే లక్షణం కాదు.

4. ప్రకటన – నిరాకరణలోని ఐక్యత:
బృందం వెలువరించిన ప్రకటన మూడు మార్గాలను నిరాకరించింది. మొదటిది, రాజా రవివర్మ సంప్రదాయానికి చెందిన సహజత్వ చిత్రణ. రెండవది, బెంగాల్ శైలిలోని గ్రామీణ ఆదర్శవాదం. మూడవది, యూరపు ఆధునికత నుండి దిగుమతి చేసుకున్న సంకర ధోరణులు. కళాసృష్టి వాస్తవాన్ని అనుకరించేదీ కాదు, దానినుండి పారిపోయేదీ కాదు, అది తానే ఒక వాస్తవమని ప్రకటన సారాంశం.

ఏం వేయాలో ఈ ప్రకటన చెప్పలేదు. ఏది వద్దో మాత్రమే స్పష్టంగా చెప్పింది. విధించే ప్రకటన శైలిని ఏర్పరుస్తుంది. నిరాకరించే ప్రకటన స్వేచ్ఛను మిగులుస్తుంది. పన్నెండు భిన్న సాధనలు ఒకే గోడల మధ్య ఇమడటానికి అవకాశమిచ్చింది ఈ స్వభావమే. అయితే దీనికొక పరిమితి ఉంది. నిరాకరణ ఒకసారి ఉచ్చరించిన తరువాత మళ్లీ మళ్లీ కలవటానికి కారణం మిగలదు. మరో ప్రదర్శన జరగకపోవటానికి వ్యక్తిగత కారణాలెన్ని ఉన్నా, ఈ తాత్త్విక కారణాన్ని విస్మరించలేము. అలాగే పన్నెండుమందిలో ఒక్క స్త్రీ కూడా లేరన్న సంగతిని కూడా చెప్పవలసి ఉంది. సంప్రదాయాలను ప్రశ్నించిన ప్రకటన ఈ లోటును గమనించలేదు.

5. రెడ్డెప్పనాయుడు – తెలుగు కోణం:
1932లో తెలుగునాట జన్మించిన రెడ్డెప్పనాయుడు మద్రాసు ప్రభుత్వ కళాశాలలో చిత్రకళ అభ్యసించాడు. కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో 1966లో వెలసిన చోళమండలం కళాకారుల గ్రామంతో అనుబంధం పెంచుకున్నాడు. దేవతామూర్తుల చిత్రమాల, మహాభారత చిత్రమాల అతనికి ఖ్యాతి తెచ్చాయి.

ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. ప్రకటన నిరాకరించిన మొదటి రెండు మార్గాలూ తెలుగువారి దృశ్యసంస్కారంలో లోతుగా పాతుకున్నవే. రవివర్మ ముద్రాచిత్రాలు పూజామందిరాలలో వెలిశాయి. బెంగాల్ శైలి ప్రమోదకుమార్ ఛటోపాధ్యాయ ద్వారా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరి, అడివి బాపిరాజు వంటివారిని తీర్చిదిద్దింది. అటువంటి వారసత్వం నుండి వచ్చిన చిత్రకారుడు ఆ ప్రకటనతో ఏకీభవించి, తరువాత దేవతలను, భారతకథను ఎన్నుకోవటం వైరుధ్యం కాదా?

కాదని నా అభిప్రాయం. ప్రకటన తిరస్కరించింది చిత్రించే పద్ధతినే గాని వస్తువును కాదు. రవివర్మ దేవతలకు మనుష్యదేహాన్ని, వెలుగునీడలను ఇచ్చాడు. రెడ్డెప్పనాయుడి చిత్రాలలో దేవత గీతలుగా, లిపిని పోలిన రేఖలుగా, యంత్రాన్ని తలపించే అమరికగా మారింది. పూజగదిలోని దేవత చూపరిని ఎదురుగా నిలబెట్టి కళ్లలోకి చూస్తుంది. ఈ దేవతను చదువుకోవలసి ఉంటుంది. వస్తువు పాతదే, వ్యాకరణం వేరు.

6. అనంతర పరిణామం:
1963 తరువాత సభ్యుల దారులు విడిపోయాయి. షేఖ్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లాడు. జ్యోతి భట్ ముద్రణచిత్రాలలోను, గ్రామీణ కళల ఛాయాచిత్ర సేకరణలోను కృషి చేశాడు. అంబాదాస్ నార్వేలో స్థిరపడ్డాడు. స్వామినాథన్ 1982లో భోపాల్‌లోని భారత్ భవన్‌లో ‘రూపంకర్’ బాధ్యత వహించి, ఆదివాసీ కళాకారుల చిత్రాలను నగర కళాకారుల చిత్రాల పక్కన నిలబెట్టాడు.

1981లో బొంబాయి, ఢిల్లీలలో జరిగిన ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శనలో షేఖ్ మళ్లీ కనిపిస్తాడు. జోగేన్ చౌధురి, భూపేన్ ఖాఖర్, నళిని మలాని, సుధీర్ పట్వర్ధన్, వివాన్ సుందరం అతని సహచరులు. మనిషినీ, కథనూ చిత్రంలోకి తిరిగి తీసుకురావటం వారి సంకల్పం. ఇది 1963 ప్రకటనకు దాదాపు ప్రతిపక్షం. రెండింటిలోనూ ఒకే కళాకారుడు పాల్గొనడాన్ని బట్టి, బృందప్రకటనను సభ్యుని శాశ్వతప్రతిజ్ఞగా చదవరాదని తెలుస్తుంది.

7. ముగింపు:
‘గ్రూప్ 1890’ను ఏకశైలీ ఉద్యమంగా చూస్తే అది విఫలం. భిన్నసాధకులు కొంతకాలం కలిసి నిలిచిన సందర్భంగా చూస్తే సఫలం. సామూహిక ప్రదర్శనల చరిత్రకారుడు పోలికలను మాత్రమే వెదికితే అసలు విషయం చేజారుతుంది. వారు ఏ విషయంలో విభేదిస్తూనే కలిసి నిలబడ్డారన్నది ముఖ్యం. తెలుగు చిత్రకళా చరిత్రను జిల్లాల వారీగా, నివాసాన్నిబట్టి రాసినంతకాలం మద్రాసులో పనిచేసి, భావనగర్ ఇంటి పేరుతో ఢిల్లీలో ప్రదర్శించిన చిత్రకారుడికి అందులో చోటు దొరకటం కష్టం. అతనికి చోటు కల్పించాలంటే ముందుగా ఆ చరిత్ర సరిహద్దులను సవరించుకోవాలి.