గోదావరి మీ పొలం వైపు ఎంత జరిగింది? ఫోన్‌లోనే చూడొచ్చు, కానీ..

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఈ పాయల వెంట ఉన్న లంకల్లో వరద వచ్చినప్పుడల్లా ఒక ఒడ్డు కోసుకుపోతుంది, మరోచోట ఇసుక మేట వేస్తుంది. కొబ్బరి చెట్లతో సహా నేల నదిలో కలిసిపోయినా పట్టాదారు పాస్‌బుక్‌లో విస్తీర్ణం మాత్రం అలాగే ఉంటుంది. ఊళ్లో పొలం ఉండి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవారికి ఎంత పోయిందో అంచనా వేసుకోవడానికి శాటిలైట్ చిత్రాలు పనికొస్తాయి.

ఎక్కడ చూడాలి?

గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాదికో చిత్రం చొప్పున నది కదలికను ఉచితంగా చూడొచ్చు. ఫలానా తేదీ చిత్రం కావాలంటే కోపర్నికస్ బ్రౌజర్‌లో వెతకాలి. 2015లో ప్రయోగించిన సెంటినెల్-2 చిత్రాలు అందులో దొరుకుతాయి.

నీరు పరారుణ కాంతిని పీల్చేసుకుంటుంది, పచ్చటి ఆకులు దాన్ని బాగా వెనక్కి పంపుతాయి. అందుకే ఆ కాంతిలో తీసిన చిత్రంలో నది నల్లగా, తోటలు ప్రకాశవంతంగా కనిపిస్తాయి. రెండింటి మధ్య గీత స్పష్టంగా తెలుస్తుంది.

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే

మే నెల చిత్రాన్ని ఆగస్టు చిత్రంతో పోల్చకండి. వేసవిలో ఇసుక తేలి నది సన్నగా కనిపిస్తుంది, వరదల్లో అదే ఇసుక మునిగిపోతుంది. నీటిమట్టం మారిందే తప్ప నది జరగలేదు. మే నెలను వేరే ఏడాది మే నెలతోనే పోల్చాలి. అప్పుడు కూడా నీటి అంచును కాదు, ఒడ్డున చెట్ల వరుస ఎక్కడ ఆగిందో చూడాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఆటుపోట్ల ప్రభావం కూడా ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం, అంటే సుమారు రెండున్నర సెంట్లు. పాత ల్యాండ్‌శాట్ చిత్రాల్లో అయితే 30 మీటర్ల చదరం, దాదాపు 22 సెంట్లు! ఒక్క వరదకు నాలుగైదు మీటర్ల ఒడ్డు విరిగితే వీటిలో కచ్చితంగా తేలదు. ఐదారేళ్ల నష్టం కలిస్తే తెలుస్తుంది. వానాకాలంలో మేఘాలు అడ్డొస్తాయి. మబ్బుల్లోంచి చూడగలిగే రాడార్ చిత్రాలు ఉన్నా, వాటిని చదవడానికి అలవాటు కావాలి.

ఈ చిత్రాలు సర్వే నంబరు హద్దులను చెప్పవు. అధికారులకు అర్జీ పెట్టేటప్పుడు జతచేయొచ్చు గానీ, కొలత సర్వేయర్ వేయాల్సిందే. జతచేసే ప్రతి చిత్రం మీద తేదీ, శాటిలైట్ పేరు రాసి ఉంచుకోండి.