‘ఇన్ పర్సన్’, ‘పర్సనల్లీ’: తేడా ఏమిటి? ఎప్పుడు ఏది వాడాలి?

న్యాయస్థానం సమన్లు, ఉద్యోగ ఇంటర్వ్యూ పిలుపు, బ్యాంకు నోటీసు వంటి పత్రాలలో తరచుగా కనిపించే ఆంగ్ల పదబంధం ‘ఇన్ పర్సన్’. సంబంధిత వ్యక్తి తానే ఆ స్థలానికి స్వయంగా వెళ్లాలని దీని అర్థం. ప్రతినిధిని పంపినా, ఫోనులో మాట్లాడినా ఆ షరతు నెరవేరినట్లు కాదు.

తెలుగులో ‘వ్యక్తిగతంగా’ అనే ఒకే మాట రెండు అర్థాలలోనూ చెల్లుతుంది. అందువల్లనే ‘ఇన్ పర్సన్’ అనవలసిన చోట ‘పర్సనల్లీ’ అనడం మనకు అలవాటైంది. ‘పర్సనల్లీ, ఐ డిజగ్రీ’ అంటే ‘నా మటుకు నేను అంగీకరించను’ అని. ‘డోంట్ టేక్ ఇట్ పర్సనల్లీ’ అంటే ‘మిమ్మల్ని ఉద్దేశించి అన్నట్లు భావించవద్దు’ అని. ‘ఐ స్పోక్ టు హర్ పర్సనల్లీ’ అన్నప్పుడు ఆ సంభాషణ ఫోనులో కూడా జరిగి ఉండవచ్చు. ‘ఐ స్పోక్ టు హర్ ఇన్ పర్సన్’ అంటే మాత్రం ఎదురెదురుగా కలిసి మాట్లాడినట్లే.

వ్యాకరణంలో గుర్తుంచుకోవలసినవి మూడు. ఒకటి, వచ్చినవారు ఎందరైనా ‘పర్సన్’ ఏకవచనంలోనే ఉంటుంది: ‘దే కేమ్ ఇన్ పర్సన్’ సరైనది, ‘ఇన్ పర్సన్స్’ తప్పు. రెండు, ఈ పదబంధం సాధారణంగా క్రియ తరువాత వస్తుంది; నామవాచకానికి ముందు విశేషణంగా వాడితే ‘ఇన్-పర్సన్ క్లాసెస్’ అని నడుమ అడ్డగీత ఉంచాలి. మూడు, ‘ఇన్ ద పర్సన్ ఆఫ్’ వేరే ప్రయోగం. దానికి ‘ఫలానా వ్యక్తి రూపంలో’ అని అర్థం.

న్యాయ వ్యవహారాలలో ఈ తేడా కీలకమవుతుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 5వ ఆర్డర్ ప్రకారం సమన్లు అందుకున్న ప్రతివాది తాను స్వయంగా గానీ, న్యాయవాది ద్వారా గానీ హాజరు కావచ్చు. అయితే వ్యక్తిగత హాజరు అవసరమని న్యాయస్థానం భావిస్తే, ‘ఇన్ పర్సన్’ హాజరు కావాలని సమన్లలోనే ఆదేశిస్తుంది. అప్పుడు న్యాయవాదిని పంపి ఊరుకుంటే చాలదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 228వ సెక్షన్ కింద, సమన్లు జారీ చేసే మేజిస్ట్రేట్ తగిన కారణం ఉందనుకుంటే నిందితుని వ్యక్తిగత హాజరును మినహాయించి, న్యాయవాది ద్వారా హాజరయ్యేందుకు అనుమతించవచ్చు. ఆ అనుమతి దానంతటదే లభించేది కాదు.

న్యాయవాదిని నియమించుకోకుండా తన వ్యాజ్యాన్ని తానే వాదించుకునే కక్షిదారును మన న్యాయస్థానాలలో ‘పార్టీ-ఇన్-పర్సన్’ అంటారు. ఈ మాటను పదానికి పదం అనువదిస్తే అర్థం కుదరదు. ‘స్వయంగా వాదించుకునే కక్షిదారు’ అనడమే సముచితం.

ఆంగ్ల నోటీసును తెలుగులోకి మార్చేటప్పుడు ‘ఇన్ పర్సన్’కు ‘స్వయంగా’ అని, అభిప్రాయం తెలిపే ‘పర్సనల్లీ’కి ‘నా మటుకు’ అని రాస్తే సందేహానికి తావుండదు. నోటీసు అందుకున్నవారు సైతం తేదీ, వేళలతో పాటు ఈ రెండు మాటలు ఉన్నాయో లేవో చూసుకోవాలి.