కుక్క పళ్లు: నిర్మాణం, ఎదుగుదల

పెద్దయిన కుక్క నోట్లో 42 పళ్లు ఉంటాయి. మనిషికన్నా పది, పిల్లికన్నా పన్నెండు ఎక్కువ. తోడేలుకూ సరిగ్గా ఇన్నే. వేల ఏళ్లుగా మనిషి చెంత బతుకుతున్నా, అరచేతిలో ఇమిడే చివావా నుంచి దూడంత గ్రేట్ డేన్ దాకా ఎన్ని జాతులు పుట్టుకొచ్చినా ఈ లెక్క మారలేదు. పళ్లు కొంత చిన్నవయ్యాయి గానీ, కొన్ని జాతుల్లో దవడ కుదించుకుపోయినంతగా కాదు. బుజ్జి కుక్కల పళ్ల బాధలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

నాలుగు రకాలు, నాలుగు పనులు

కుక్కది విషమ దంత విన్యాసం. అంటే పళ్లన్నీ ఒక్క తీరుగా ఉండవు. పై దవడలో 20, కింది దవడలో 22. ముందు వరసలో పైన ఆరు, కింద ఆరు కుంతకాలు. ఎముకకు అంటిన మాంసం గీకడానికీ, ఒంటి మీది పిడుదులనూ బొచ్చులో చిక్కిన పల్లేరుకాయలనూ కొరికి తీయడానికీ ఇవే సాధనాలు.

వాటి పక్కన నాలుగు కోరలు. శాస్త్ర పరిభాషలో రదనికలు. బయటికి కనిపించే కోరకన్నా దవడ లోపలున్న వేరే పొడవు. పై కోర వేరు వెనక్కి వంగి రెండో అగ్రచర్వణకం పైదాకా సాగుతుంది. దానికీ ముక్కు రంధ్రానికీ మధ్య ఉండేది పలచని ఎముక మాత్రమే. అందుకే ఆ వేరు చుట్టూ చీము పట్టి ఎముక తినేస్తే నోటికీ ముక్కుకూ మధ్య దారి పడుతుంది. కుక్క తుమ్ముతుంది, ముక్కు కారుతుంది. జలుబనుకుని మందు వేస్తే తగ్గదు.

కోరల వెనక పదహారు అగ్రచర్వణకాలు, ఆ తర్వాత పైన నాలుగు, కింద ఆరు చర్వణకాలు. వీటిలో అసలు కథానాయకులు రెండు జతలు: పై దవడలో ఇరువైపులా నాలుగో అగ్రచర్వణకం, కింది దవడలో మొదటి చర్వణకం. వీటిని కార్నేసియల్ పళ్లంటారు. పైదానికి మూడు వేళ్లు, కిందిదానికి రెండు. నోరు మూసినప్పుడు రెండూ ఒకదాని పక్కగా ఒకటి జారుతూ అడకత్తెరలో పోకచెక్క తెగినట్టు మాంసాన్ని తెంచుతాయి. కుక్క దవడ పైకీ కిందికీ తప్ప పక్కలకు పెద్దగా కదలదు. మనలా నమలడం దానికి కుదరని పని. గట్టి ముక్క దొరికితే తల వంచి బుగ్గవైపుకు నెట్టుకోవడం ఈ పళ్ల కోసమే.

వాటి వెనకున్న చర్వణకాలు చదునుగా ఉండి నలగ్గొడతాయి. పిల్లికి ఆ సదుపాయం దాదాపు లేదు. నల్లమల అడవుల్లో తిరిగే రేచుకుక్క కింది దవడలో చివరి చర్వణకాల జత లేదు, మొత్తం పళ్లు 40. గుంపుగా వేటాడి దాదాపు పూర్తిగా మాంసం మీదే బతికే జంతువది. మాంసంతో పాటు అన్నమూ సంకటీ తినే ఊరకుక్క నోట్లో మాత్రం కోసే పళ్లూ నలగ్గొట్టే పళ్లూ రెండూ నిలిచాయి.

పశువైద్యులు ప్రతి పంటినీ మూడంకెల సంఖ్యతో రాసుకుంటారు. ట్రయడాన్ పద్ధతి అనే దీనిలో మొదటి అంకె నోటిలోని పావుభాగాన్నీ, తర్వాతి రెండూ పంటి వరుసనూ చెబుతాయి. కుడివైపు పై కోర 104, అదే వైపు పై కార్నేసియల్ 108.

పాలపళ్ల నుంచి పక్కా పళ్లకు

పంటి మొగ్గలు తల్లి కడుపులోనే ఏర్పడినా కుక్కపిల్ల బోసినోటితోనే పుడుతుంది. మూడు నాలుగు వారాలకు పాలపళ్లు తొంగిచూస్తాయి. రెండు మూడు నెలలు వచ్చేసరికి 28 పూర్తవుతాయి. సూదుల్లాంటి ఆ పళ్లు పొదుగుకు గుచ్చుకుంటుంటే తల్లి పాలివ్వకుండా లేచిపోవడం మొదలుపెడుతుంది.

మూడు నాలుగు నెలల వయసులో కుంతకాలతో మార్పు మొదలై ఆరేడు నెలలకు ముగుస్తుంది. కింద కొత్త పన్ను ఎదుగుతుంటే పాలపంటి వేరు కరిగిపోతుంది, పన్ను వదులై రాలుతుంది. చాలావాటిని పిల్ల మింగేస్తుంది, ప్రమాదమేమీ లేదు. మొదటి అగ్రచర్వణకాలకూ చర్వణకాలన్నిటికీ పాలపళ్లుండవు. అవి వచ్చేది ఒక్కసారే.

పంటి పైపొర ఎనామిల్ తయారయ్యేది పన్ను చిగురు దాటకముందే. కుక్కల్లో దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని కట్టే కణాలు పన్ను మొలిచాక మిగలవు. ఆ దశలో పిల్లకు డిస్టెంపర్ సోకితే వైరస్ ఆ కణాలను దెబ్బతీస్తుంది. పిల్ల బతికి బట్టకట్టినా గుంటలు పడి గోధుమరంగు తేలిన పళ్లు జీవితాంతం మిగులుతాయి. లోపలి డెంటీన్ సంగతి వేరు. అది ఏళ్ల తరబడి పేరుకుంటూ మధ్యనున్న పల్ప్ గదిని ఇరుకు చేస్తుంది. అందుకే ఎక్స్‌రేలో కుర్ర కుక్క పన్ను డొల్లగా, ముసలిదాని పన్ను నిండుగా కనిపిస్తుంది.

జాతులు తెచ్చిన చిక్కులు

పగ్, బుల్‌డాగ్‌ల పొట్టి దవడలో పళ్లకు చోటు చాలక అగ్రచర్వణకాలు అడ్డం తిరుగుతాయి. పొమెరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి బుజ్జి జాతుల్లో పాలకోర ఊడకుండానే అసలు కోర వచ్చేస్తుంటుంది. కింది దవడలో కొత్త కోర పాలకోరకు లోపలివైపు మొలుస్తుంది కాబట్టి, పాతది తప్పుకోకపోతే అది అంగిట్లో గుచ్చుకుంటుంది.

బొచ్చులేని కుక్కలకు పళ్లు సరిగా ఉండవని డార్విన్ 1859లోనే రాశాడు. కారణం 2008లో తేలింది. మెక్సికో, పెరూ బోడి కుక్కల్లోనూ చైనీస్ క్రెస్టెడ్‌లోనూ ఫాక్స్‌ఐ3 అనే ఒకే జన్యువులోని లోపం బొచ్చునూ పళ్లనూ రెంటినీ దెబ్బతీస్తోంది. రెండూ పిండంలో ఒకే బాహ్యచర్మపు పొర సాయంతో ఏర్పడేవే.

కుక్కలకు పిప్పిపళ్లు అరుదు. లాలాజలం క్షారగుణం కలది, పళ్లు మొనదేలినవి. కానీ ఆ లాలాజలమే పాచిని త్వరగా గారగా గట్టిపరుస్తుంది. గార కింద చిగురు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. పెద్దయిన కుక్కల్లో అతి తరచుగా కనిపించే పంటి జబ్బు ఇదే. మరీ గట్టి ఎముకలు కొరికితే పై కార్నేసియల్ పెచ్చులూడుతుంది. వేరుకు చీము పడితే కంటి కింద వాపు తేలుతుంది.

మనుషుల టూత్‌పేస్ట్ కుక్కలకు వాడకూడదు. కొన్నిటిలో ఉండే జైలిటాల్ వాటికి విషం. కుక్కల కోసం చేసిన పేస్టుతో రోజూ తోమడమే మంచి పద్ధతి. ఆరు నెలలు దాటిన పిల్ల నోరు ఒకసారి తెరిచి చూడాలి. కోర పక్కన మరో కోర కనిపిస్తే దానంతట అదే రాలుతుందని ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి.