నష్టం ఎవరి వాటా?
దివాలా చట్టాలపై సింహావలోకనం

2024 జనవరి 23న లండన్‌లోని అప్పీలు కోర్టు అడ్లర్ అనే జర్మన్ రియల్ ఎస్టేట్ సంస్థ అప్పుల పునర్వ్యవస్థీకరణ ప్రణాళికను కొట్టేసింది. ఆరు రోజులకు హాంకాంగ్ హైకోర్టు, 30,000 కోట్ల డాలర్లకు పైగా బాకీపడ్డ చైనా ఎవర్‌గ్రాండ్ కంపెనీని లిక్విడేషన్‌కు పంపింది. జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు నొప్పిమాత్రల కంపెనీ పర్డ్యూ ఫార్మా ఒప్పందాన్ని కాదంది. నవంబరు 7న మన సుప్రీంకోర్టు జెట్ ఎయిర్‌వేస్ ఇక లేవదని తేల్చి, ఆస్తులు అమ్మేయమంది. వీటిలో రెండు తీర్పులు కంపెనీని బతికించే ప్రయత్నానికి హద్దు గీశాయి. మిగతా రెండు, అప్పిచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకున్నంత మాత్రాన మిగిలినవాళ్ల నోరు నొక్కవచ్చా అని నిలదీశాయి. బాకీదారును శిక్షించడంతో మొదలైన చట్టం ఇక్కడిదాకా రావడానికి రెండున్నర వేల ఏళ్లు పట్టింది.

శరీరమే తాకట్టు

క్రీ.పూ. 450 ప్రాంతపు రోమన్ పన్నెండు పట్టికల శాసనం ప్రకారం, బాకీ తేలిన మనిషికి 30 రోజుల గడువు ఉండేది. ఆలోగా తీర్చకపోతే అప్పిచ్చినవాడు అతన్ని 60 రోజులు సంకెళ్లలో ఉంచుకోవచ్చు. అప్పటికీ ఎవరూ విడిపించకపోతే టైబర్ నది అవతలికి బానిసగా అమ్మేయవచ్చు. క్రీ.పూ. 326లో పొయెటీలియా చట్టం ఈ రుణదాస్యానికి అడ్డుకట్ట వేసింది.

మన ధర్మశాస్త్రాలు వేరే చోట గీత గీశాయి. వడ్డీ ఎంత పెరిగినా అసలును మించి వసూలు చేయకూడదన్నది దామ్‌దుపట్ నియమం. ఇది బాకీదారుకు రక్ష. కానీ తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న సూత్రం ఆ అప్పును తరతరాలకు అంటగట్టింది. ఈ సూత్రాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, ఆ తర్వాతి అప్పులకు వర్తించకుండా రద్దు చేసింది.

ఒకే చట్టంలో క్షమ, ఉరి

ఇంగ్లండులో తొలి దివాలా చట్టం 1542లో ఎనిమిదో హెన్రీ కాలంలో వచ్చింది. దాని దృష్టిలో దివాలా తీసినవాడు నేరస్థుడే. మలుపు వచ్చింది 1705లో, రాణి యాన్ కాలపు చట్టంతో. ఆస్తులన్నీ నిజాయితీగా అప్పగించిన వర్తకుడికి మిగిలిన బాకీ మాఫీ అయ్యే వీలు ఆ చట్టమే తొలిసారి కల్పించింది. దాచిపెట్టి మోసం చేసినవాడికి మాత్రం ఉరి. ఓడ మునిగితే వర్తకుడు మునుగుతాడు, అందులో అతని తప్పు ఉండకపోవచ్చు అన్న ఎరుక వాణిజ్యం పెరిగాకే రాజ్యానికి కలిగింది.

ఆ దయ వర్తకులకే పరిమితం. మామూలు సంసారులకు మిగిలింది రుణగ్రస్తుల జైలే. 1824లో చార్లెస్ డికెన్స్ తండ్రిని లండన్ మార్షల్సీ జైల్లో పెట్టింది 40 పౌండ్ల చిల్లర బాకీకి. పన్నెండేళ్ల కొడుకు బూట్‌పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదరాల్సి వచ్చింది. అప్పుకు జైలును చాలావరకు ఎత్తేసిన చట్టం 1869లో గానీ రాలేదు. అంతకు ముందే, 1855లో, వాటాదారుల బాధ్యతకు పరిమితి పెట్టే చట్టం వచ్చేసింది. కంపెనీ బాకీలకు యజమాని ఇల్లు జప్తు కాదన్న భరోసాను 1897 నాటి సాలమన్ తీర్పు గట్టిపరిచింది. చట్టం మనిషి కంటే ముందు కంపెనీని కనికరించింది.

పట్టాలు పీకితే పాత ఇనుమే

బాకీదారును వదిలేయడం ఒక ఎత్తు, అతని వ్యాపారాన్ని నిలబెట్టడం మరో ఎత్తు. ఈ రెండో ఆలోచనకు బలం ఇచ్చింది అమెరికా రైల్వేలు. 1893 ఆర్థిక సంక్షోభంలో యూనియన్ పసిఫిక్, నార్తర్న్ పసిఫిక్, శాంటా ఫే లాంటి పెద్ద కంపెనీలు ఒకే ఏడాదిలో కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి వెళ్లాయి. పట్టాలు పీకి అమ్మితే వచ్చేది పాత ఇనుము ధర. రైలు నడుస్తూ ఉంటే బాండ్లు కొన్నవాళ్లకు ఎంతో కొంత చేతికి వస్తుంది. అందుకే బాకీలను తగ్గించి, కొన్నిటిని వాటాలుగా మార్చి, సంస్థను నడిపించే పద్ధతి కోర్టుల్లోనే రూపుదిద్దుకుంది.

1978 దివాలా స్మృతిలోని చాప్టర్ 11 ఈ అనుభవానికి పక్కా రూపం ఇచ్చింది. పిటిషన్ పడగానే వసూళ్లన్నీ ఆగిపోతాయి. యాజమాన్యం కుర్చీలోనే ఉంటుంది. కొత్తగా అప్పిచ్చేవాడికి పాతవాళ్ల కంటే ముందు వరస దొరుకుతుంది. ఒక వర్గం రుణదాతలు ఒప్పుకోకపోయినా, షరతులకు లోబడి కోర్టు ప్రణాళికను ఖరారు చేయవచ్చు. 2009 జూన్ 1న దివాలా కోర్టు మెట్లెక్కిన జనరల్ మోటార్స్, ప్రభుత్వ డబ్బు దన్నుతో జూలై 10కల్లా కొత్త కంపెనీగా బయటికొచ్చింది.

అందరిదీ అదే బాట

ఆ తర్వాత దేశాలు ఒకదాని వెనక ఒకటి ఇదే దారి పట్టాయి. జపాన్ 1999లో పౌర పునరుద్ధరణ చట్టం చేసింది. ఫ్రాన్స్ 2005లో, ఇంకా చెల్లింపులు ఆగకముందే కంపెనీ కోర్టు రక్షణ కోరే వీలు కల్పించింది. 2019లో యూరోపియన్ యూనియన్ ఆదేశం జారీ అయ్యాక జర్మనీ, నెదర్లాండ్స్ రెండూ 2021 జనవరి 1న కొత్త చట్టాలు అమలుచేశాయి. కోవిడ్ ఏడాదిలో సింగపూర్ తన దివాలా చట్టాలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. బ్రిటన్, ఒప్పుకోని వర్గాన్ని కూడా ప్రణాళికకు కట్టిపడేసే అధికారాన్ని కోర్టులకు కట్టబెట్టింది. దాంతో లండన్, సింగపూర్, న్యూయార్క్ విదేశీ కంపెనీలను పిలిచి మరీ పోటీ పడ్డాయి. అడ్లర్ కథే చూడండి: జర్మన్ సంస్థ, బాండ్ల బాధ్యతను ఒక ఇంగ్లిష్ కంపెనీ పేరుమీదికి మార్చి మరీ లండన్ కోర్టుకు వచ్చింది.

గల్ఫ్‌లో మార్పు ఇంకో రకం. యూఏఈలో చెక్కు చెల్లకపోతే జైలే అన్న భయం మన కరీంనగర్, కడప వలసజీవులకు బాగా తెలుసు. 2020 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం వ్యక్తులకు దివాలా దారి తెరిచింది. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చిన చెక్కును నేరంగా కాకుండా వసూలు వ్యవహారంగానే చూస్తున్నారు. మోసం ఉంటే శిక్ష ఉంది.

ఐపీ నుంచి ఎన్‌సీఎల్‌టీ దాకా

మన ఊళ్లలో ఎవరైనా బాకీలకు చేతులెత్తేస్తే 'ఐపీ పెట్టాడు' అంటారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909 చట్టం, మిగతా జిల్లాలకు 1920 ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఆ ఐపీలకు, అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్లకు, ఆధారం. రైతులకు మాత్రం ప్రభుత్వాలు విడిగా మార్గం వెతికాయి. రాజాజీ మంత్రివర్గం 1938లో తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాల్లోనూ నడిచింది.

పరిశ్రమల కోసం 1985లో ఖాయిలా పరిశ్రమల చట్టం వచ్చింది. ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బోర్డు బీఐఎఫ్‌ఆర్ ముందు కేసు ఉన్నంతకాలం ఎవరూ వసూలుకు వెళ్లకూడదన్న నిబంధన ప్రమోటర్లకు కోటగోడ అయింది. 1993లో రుణ వసూలు ట్రిబ్యునళ్లు, 2002లో సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఆయుధాలు ఇచ్చినా మొండిబాకీలు తరగలేదు. టి.కె. విశ్వనాథన్ కమిటీ 2015లో నివేదిక ఇచ్చింది. 2016లో దివాలా స్మృతి ఐబీసీ వచ్చింది. బాకీ ఎగ్గొడితే కంపెనీ పగ్గాలు ప్రమోటర్ చేతిలోంచి రుణదాతల కమిటీకి మారతాయి. చాప్టర్ 11కూ దీనికీ అసలు తేడా ఇదే.

ఐబీసీ కింద దేశంలో తొలి పరిష్కార ప్రణాళికకు 2017 ఆగస్టులో ఆమోదం తెలిపింది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్ బెంచి. కంపెనీ విశాఖలో కారు చక్రాలు పోసే సినర్జీస్ డూరే. దాదాపు 972 కోట్ల రూపాయల బాకీకి రుణదాతలకు దక్కింది 54 కోట్ల పైచిలుకు. తీసుకున్నది అదే గూటికి చెందిన మరో కంపెనీ. మూడు నెలలకే వచ్చిన ఆర్డినెన్సు, మొండిబాకీదారులైన ప్రమోటర్లు తమ కంపెనీని చౌకగా తామే కొనుక్కోకుండా తలుపులు మూసింది. రిజర్వు బ్యాంకు పంపిన మొదటి 12 పెద్ద కేసుల్లో ఉన్న హైదరాబాద్ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌కు కొనేవాళ్లు కుదరక 2018లో లిక్విడేషన్ తప్పలేదు. ఎస్సార్ స్టీల్ మాత్రం 2019లో ఆర్సెలర్ మిత్తల్ చేతికి 42,000 కోట్లకు వెళ్లి ఐబీసీ పరువు నిలబెట్టింది.

చట్టం పెట్టిన 330 రోజుల గడువు చాలా కేసుల్లో కాగితానికే పరిమితం. భూషణ్ పవర్ కంపెనీ పరిష్కార ప్రణాళికను 2025 మే నెలలో సుప్రీంకోర్టు కొట్టేసి, జూలైలో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, సెప్టెంబరులో ప్రణాళికనే ఖాయం చేసింది. కొన్న కంపెనీ అప్పటికే నాలుగేళ్లుగా ఆ కర్మాగారాన్ని నడుపుతోంది. 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లు వేగం కోసం, విదేశీ ఆస్తుల చిక్కుల కోసం కొత్త దారులు ప్రతిపాదించింది.

మెజారిటీకి గీసిన గీత

ఇప్పుడు లండన్, వాషింగ్టన్ తీర్పుల అర్థం తేటపడుతుంది. పంపకంలో సమాన హక్కున్న బాండుదారుల్లో ముందు గడువువాళ్లకు పూర్తిగా చెల్లించి, ఆఖరి గడువువాళ్లను నష్టభయంలో వదిలేయడం తగదంది అడ్లర్ తీర్పు. పర్డ్యూ వ్యవహారంలో యజమానులైన శాక్లర్ కుటుంబం 600 కోట్ల డాలర్ల దాకా ఇస్తామంది. బదులుగా తమపై ఎవరూ దావా వేయకూడదంది. తాము దివాలా తీయకుండానే, ఆ నొప్పిమాత్రల బాధితులందరి సమ్మతి లేకుండానే ఆ రక్షణ దొరకదని కోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది. 2025 నవంబరులో ఆమోదం పొందిన కొత్త ప్రణాళికలో శాక్లర్ల వాటా పెరిగింది. ఒప్పుకోని బాధితులకు దావా హక్కు మిగిలింది. బతికించడం మంచిదే, ఆ ఖర్చు ఒప్పుకోనివాడి నెత్తిన ఎంతవరకు రుద్దవచ్చన్నదే ఈ దశాబ్దపు తగవు.

మనిషి వంతు ఎప్పుడు?

జర్మనీ 2020లో నిజాయితీగల బాకీదారుకు విముక్తి గడువును ఆరేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. ఇంగ్లండులో మామూలుగా ఒక ఏడాది చాలు. వ్యక్తుల దివాలా చట్టమే లేని చైనాలో షెన్‌జెన్ నగరం 2021లో ప్రయోగంగా ఒకటి మొదలుపెట్టింది.

మన దగ్గర తీర్చే దారి నిజంగా లేనివాణ్ని బాకీకి జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలు తప్పింది కానీ బాకీ ముడి వీడలేదు. ఐబీసీలో వ్యక్తుల భాగం కంపెనీలకు హామీ ఇచ్చినవాళ్లకే 2019 డిసెంబరు నుంచి అమలవుతోంది. ఏడాదికి 60,000 రూపాయల లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు బాకీ ఉండి, సొంతిల్లు లేని పేదలకు మాఫీ ఇచ్చే 'ఫ్రెష్ స్టార్ట్' ప్రక్రియ 2016 నుంచీ చట్టం పుస్తకంలో ఉంది, అమల్లో లేదు. 2010లో సూక్ష్మరుణాల వేధింపులను ఆపడానికి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చినప్పుడే ఇలాంటి దారి అవసరం తేలిపోయింది. 972 కోట్లలో 900 కోట్లకు పైగా వదులుకోగలిగిన వ్యవస్థకు 35,000 రూపాయల బాకీ మాఫీ చేయడం మోయలేని భారం కాదు. చట్టం సిద్ధంగా ఉంది, ఒక్క నోటిఫికేషన్ కావాలి.