అక్క చెప్పిన శక్తిమాన్

2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ రోజుల్లో, విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో పట్టపగలు కాకి అరుపు వినబడింది. బస్సులన్నీ డిపోలో వరసకట్టి ఉన్నాయి, హైవే మధ్యలో కుక్కలు పడుకున్నాయి. ఊరికి సెలవిచ్చినా బ్లాస్ట్ ఫర్నేసుకి ఇవ్వలేరు గనక స్టీల్ ప్లాంట్‌లో మాకు డ్యూటీ తప్పలేదు. సి షిఫ్టు దిగి, బండి మీద ఇంటికొచ్చి, స్నానం చేసి పడుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఒంటిగంటకి అలారం. దూరదర్శన్‌లో శక్తిమాన్ మళ్ళీ వస్తోంది మరి.

ముప్పై రెండేళ్ళొచ్చి, నిద్ర చెడగొట్టుకుని చూడాల్సిన సీరియలేనా అని మా ఆవిడ అడిగింది. జవాబు చెప్పాలంటే మా వీధి యాంటెన్నాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా మా వైపుకి బొమ్మ రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. 1982లో రంగులొచ్చాయి, 1983లో ఇన్సాట్-1బి పైకెళ్ళింది. ఉపగ్రహం నుంచి అందుకుని చుట్టుపక్కలకి పంచే ట్రాన్స్‌మిటర్లు దేశమంతా లేచాయి. నాకు ఊహ తెలిసేసరికి కైలాసగిరి మీది టవరే మాకు దిక్కు. మా వీధిలో ప్రతి డాబా మీదా యాంటెన్నాలు అటే మొహం పెట్టి ఉండేవి. గాలికి పక్కకి తిరిగితే ఒకడు పైకెక్కి తిప్పేవాడు, ఇంకొకడు కిటికీలోంచి "ఇంకొంచెం... ఆఁ, చాలు చాలు" అని కేకేసేవాడు.

బొమ్మ వచ్చింది గానీ భాష హిందీ. 1987లో రామాయణం, 1988లో మహాభారతం వచ్చినప్పుడు అదసలు ఇబ్బందే కాలేదని మా నాన్నమ్మ చెప్పేది. కైక ఏమడుగుతుందో, దశరథుడు ఎందుకేడుస్తాడో ముందే తెలిసినవాళ్ళకి మాటలతో పనేముంది? చిక్కంతా కొత్త కథలతోనే. 1989లో ఇంద్రధనుష్, 1998లో కెప్టెన్ వ్యోమ్ వచ్చాయి. ఒకదాంట్లో పిల్లలు, కంప్యూటరు. ఇంకోదాంట్లో రోదసి, 2123వ సంవత్సరం. ఏ నాన్నమ్మా చెప్పని కథలవి. పక్కన కూచుని చెప్పేవాళ్ళు లేకపోతే రంగులూ చప్పుళ్ళూ తప్ప ఒక్క ముక్క బోధపడదు.

1997 సెప్టెంబరు 13న శక్తిమాన్ మొదలయ్యేసరికి నాకు తొమ్మిదేళ్ళు. మాకు చెప్పేది పక్కింటి అక్క. వాళ్ళ నాన్నగారు నేవీలో చేసేవారు, వేరే రాష్ట్రంలో ఉండొచ్చారు. కాబట్టి అక్కకి హిందీ వచ్చు. ఆ మాట ఆమె అనలేదు, మేమే తీర్మానించుకున్నాం. ఆదివారం పన్నెండింటికి వాళ్ళ హాల్లో పదిహేనుమంది గుంటలం చాప మీద. అక్క ఒక్కతే కుర్చీలో.

ముఖేష్ ఖన్నా వేసిన శక్తిమానూ, కళ్ళజోడు పెట్టుకుని ఎత్తుపళ్ళతో నవ్వే గంగాధరూ ఒకడేనని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. మిగతా కథంతా అక్కదే. సురేంద్రపాల్ వేసిన విలన్ తమ్రాజ్ కిల్విష్ "అంధేరా కాయమ్ రహే" అనగానే "కరెంటు తీసెయ్యమంటన్నాడ్రా" అనేది. ఆ తరవాత కరెంటు పోయినప్పుడల్లా "కిల్విష్ వచ్చాడోయ్" అని వీధి వీధంతా అరుపులే. పిచ్చి శాస్త్రవేత్త డాక్టర్ జైకాల్‌కి "నక్క డాక్టరు" అని పేరు పెట్టింది. ఆయనది మన ఆంధ్రా యూనివర్సిటీయేనని, అవుట్‌గేటు లోపలే ల్యాబని చెప్పింది. ట్యూషన్‌కి వెళ్ళేటప్పుడు ఆ గేటు దాటేదాకా నేను పరుగే.

శక్తిమాన్‌లా గిర్రున తిరగని గుంటడు మా వీధిలో లేడు. నేను అరుగు మీద తిరిగి తులసికోట మీద పడితే గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. షేవింగ్ చేసుకునేటప్పుడు ఇప్పటికీ చేతికి తగులుతుంది. పిల్లలు ఇంతకన్నా ఘోరమైన పనులు చేస్తున్నారని పేపర్లలో గొడవైంది. ఎపిసోడ్ చివర్లో శక్తిమానే పిల్లలకి బుద్ధులు చెప్పేవాడు. అక్క వాటినీ వదల్లేదు: "పెద్దవాళ్ళడిగితే మంచినీళ్ళు తెచ్చియ్యాలంటన్నాడు." ఎవడో ఒకడు లేచి వెళ్ళి తెచ్చేవాడు.

అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. 2005లో సీరియలూ ఆగింది. దూరదర్శన్‌కి కట్టాల్సిన రుసుము పెరుగుతూ పోయిందని, ఇక మొయ్యలేకపోయానని ముఖేష్ ఖన్నా తరవాత చెప్పుకున్నాడు. నాకేమో ప్లాంట్‌లో భిలాయ్, రూర్కెలా వాళ్ళతో పనిచేసి హిందీ పట్టుబడింది.

అంటే 2020లోనే నేను మొదటిసారి అక్క లేకుండా శక్తిమాన్ చూశాను. గ్రాఫిక్స్ చూసి అందరూ నవ్వుకున్నారు. నాకు ఇంకోచోట తగిలింది. కిల్విష్ కోరుకునే చీకటి మనుషుల లోపలిది, మా వీధి కరెంటుతో వాడికి పని లేదు. అక్క "ఏవో మంచిమాట్లులే" అని దాటేసిన చోటల్లా కుండలిని, చక్రాలు, పంచభూతాలు. సైన్సు కథ అనుకున్న దాంట్లో సగం యోగాభ్యాసమే. వాళ్ళు వేసింది పాత సీరియలే, నాకు మాత్రం పూర్తిగా కొత్తది. నిజం చెప్పాలంటే మా అక్కదే బావుంది.

ఫోన్ చేసి నిలదీశాను. అవతల ఒకటే నవ్వు.

"నాకు హిందీ ఎక్కడొచ్చురా? నాన్నకి పోస్టింగు కొచ్చిలో కదా! నాకొచ్చింది మలయాళం."

"మరి అన్నేళ్ళు ఎలా చెప్పేశావే?"

"మీరడిగారు, చెప్పాను. రాదంటే కుర్చీ ఉంచుతార్రా నాకు?"

2022 నాటికి దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దేశంలో దాదాపు అన్నిచోట్లా మూసేసింది. మా డాబా మీద యాంటెన్నా గొట్టానికి ఇప్పుడు బట్టలారేసే తాడు కట్టి ఉంది. 2024 నవంబరులో ముఖేష్ ఖన్నా, అరవై ఆరేళ్ళ వయసులో, అవే దుస్తులేసుకుని యూట్యూబ్‌లో ప్రత్యక్షమయ్యాడు. ఆయన వయసు మీద బోలెడు జోకులు. నేను మా అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని చూపించాను.

"ఏమంటున్నాడు నాన్నా?"

స్వాతంత్ర్య వీరుల త్యాగం గురించి పాడుతున్నాడని ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల ఆవలించింది.

గొంతు సవరించుకున్నాను. "నక్క డాక్టరు మళ్ళీ బయటికొచ్చాడంట. వాడి ల్యాబు ఎక్కడో కాదు, మన అవుట్‌గేటు లోపలే."

ఆవలింత సగంలో ఆగిపోయింది. "ఏ బిల్డింగు?"

"ముందెళ్ళి మంచినీళ్ళు పట్రా, చెప్తాను."