కంచె చేను మేసినప్పుడు

శరీరము తన్ను తానే హింసించుకొనునా యను ప్రశ్నకు, ఇరువదవ శతాబ్దారంభమున పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు హింసించుకొనదనియే బదులు చెప్పెను. ఆయన మేకలకు ఇతర మేకల రక్తము నెక్కించి చూచెను. పరాయి మేకల ఎఱ్ఱకణములను చెఱచు ద్రవ్యములు పుట్టినవి గాని, తన రక్తమునే చెఱచునవి పుట్టలేదు. జీవి తన విషమును తనపై ప్రయోగించుకొనుటకు ప్రకృతియే జంకునని ఆయన నిర్ణయము. 1904లోనే డోనాత్, లాండ్‌స్టైనర్ అనువారు, చలి సోకినంతనే రోగి రక్తకణములను అతని రక్తములోని ద్రవ్యమే విచ్ఛిన్నము చేయు వ్యాధి నొకదానిని నిరూపించిరి. అయినను ఆ సాక్ష్యము చిరకాలము మూలబడి యుండెను. 1956లో థైరాయిడు గ్రంథికి ద్రోహము చేయు ద్రవ్యములను లండనులో రాయిట్, డోనియాక్ మొదలగువారు రోగుల రక్తముననే కనుగొనిన పిమ్మట గాని వైద్యలోకము కన్ను తెఱవలేదు. పెద్దల పేరు సత్యమునకు అడ్డుగోడ యగుట మన దేశముననే కల దురాచారము కాదు.

కంచె చేను మేయు ఈ జాతి వ్యాధులలో లూపస్ మిక్కిలి క్రూరమైనది. చర్మము, కీళ్లు, మూత్రపిండములు అన్నియు దానికి ఆహారమే. రోగులలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. అందును పెక్కురు బిడ్డలను కనిపెంచు వయసువారు. కీళ్లు నొచ్చుచున్నవనియు, ఒడలు లేవకున్నదనియు కోడలు చెప్పినచో దానిని పనిదొంగతనముగా నెంచు గృహములు మనకు కొఱత లేదు. ఆ మాటతో గడచిన దినములలో మూత్రపిండములు నశించుట కలదు.

1948లో అమెరికాయందు హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతపు రోగికి కార్టిసోను నిచ్చి ఆశ్చర్యకరమగు ఉపశమనమును చూచెను. కాని ఆ తెగ మందులు దొంగ నొక్కని పట్టుటకు ఊరిలోని తలారుల నందఱిని నిద్రపుచ్చునట్టివి. దీర్ఘకాలము వాడినచో ఎముకలు గుల్లబాఱును; అంటువ్యాధులకు త్రోవ యేర్పడును.

భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు సిద్ధమైనవి. అమినోప్టెరిన్ పసివారి రక్తక్యాన్సరును తాత్కాలికముగానైన అణచునని 1948లో ఫార్బర్ ప్రకటించెను. సుబ్బారావు గారు ఆ యేడే పరమపదించిరి. 1951లో అదే మందు కీళ్లవాతమునకు వాడబడెను. నేడు ఆ వ్యాధికి వైద్యులు మొదట తలచునది మెథోట్రెక్సేట్. క్యాన్సరునకై పుట్టిన మందు స్వదేహద్రోహమునకు విరుగుడగుట అప్పుడే మొదలైనది.

ఇప్పుడు అదే త్రోవను వేఱొక చికిత్స నడచుచున్నది. శత్రువును వెదకి చంపు టీ కణములకు, తాము కోరిన గుర్తును పట్టు అవయవమును అమర్చవచ్చునని ఇజ్రాయేలులోని వైజ్‌మన్ సంస్థయందు ఎష్హార్ బృందము 1989లో చూపెను. 2017లో ఇది పిల్లల రక్తక్యాన్సరునకు అమెరికాలో అనుమతి పొందెను. అచట గుఱి బీ కణములపై నుండు సీడీ 19 అను గుర్తు. లూపస్ రోగి దేహమును చెఱచు ద్రవ్యములను పుట్టించునదియు ఆ బీ కణముల సంతతియే కదా! ఈ తర్కముతో జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు 2021లో, ఏ మందునకును లొంగని లూపస్ గల యిరువదేండ్ల యువతి రక్తము నుండి టీ కణములను తీసి, వానిలో క్రొత్త జన్యువును చేర్చి, పెంచి, మరల ఆమెకే యెక్కించిరి. ద్రోహద్రవ్యములు మాయమయ్యెను, మూత్రములో పోవు మాంసకృత్తు తగ్గెను. 2024లో ఆ బృందము ప్రకటించిన పదునేనుగురిలో ఎనమండుగురు లూపస్ రోగులు. ఆ యెనమండుగురికిని వ్యాధి అణగెను. పదునేనుగురును రోగనిరోధమును అణచు మందులను మానిరి. బీ కణములు కొన్ని నెలలకు మరల పుట్టినవి గాని, పాత పగను వెంట తేలేదు. విచిత్రమేమన, శరీరము తన పాఠమును మొదటి నుండి నేర్చుకొనినట్లున్నది.

పదునేనుగురు స్వల్పసంఖ్య యని మఱువరాదు. ఈ చికిత్సకు ముందు తీవ్రమైన మందుల నీయవలెను. పిదప జ్వరము రావచ్చును. ఇట్లు మార్చిన టీ కణములే అరుదుగా క్యాన్సరు కావచ్చునని 2024లో అమెరికా ప్రభుత్వము హెచ్చరిక వ్రాయించినది. వెలయో, అచట 2017లో 4,75,000 డాలర్లు. బొంబాయి ఐఐటీ, టాటా స్మారక వైద్యశాలల కృషితో వెలసిన దేశీయ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించెను. దాని వెల అందులో దాదాపు పదవవంతు. అయినను అది లక్షలలోని మాట; అనుమతియు కొన్ని రక్తక్యాన్సరులకు ఇచ్చినదే గాని లూపస్‌నకు కాదు.