సైకిల్ ఫ్రేము కొనేముందు కొంచెం చరిత్ర, ఒక దారం ఉండ



చెనిక్కాయలు అమ్మి అప్పులు కట్టినాక ఈసారి చేతిలో 40 వేలు మిగిలింది. మా చిన్నోడు బెంగళూరులో చదువుకుంటా సైకిల్ పందేలకు పోతాన్నాడు. "నాయనా, చేత్తో అతికిన స్టీలు ఫ్రేము ఒకటి కొనిస్తే ఇరవై ఏళ్లు వాడుకుంటా" అన్నాడు. కొత్తగా చేయించాలంటే ఫ్రేముకే ఆ డబ్బు చాలదు. పాతది వెతకాల్సిందే. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, సుడి చూస్తాం, నడిపించి చూస్తాం. ఫ్రేముకు ఏం చూడాల? తెలీక చదవడం మొదలుపెట్టినా. రేపు మీ పిల్లోళ్లు కూడా అడగొచ్చు, అందుకే రాస్తాన్నా.

మనం పాలక్యాన్లు కట్టుకుని తిరిగిన సైకిల్ ఉంది కదా, దాని పుట్టుక 1885. ఇంగ్లండులోని కోవెంట్రీ ఊర్లో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ అనే సైకిల్ తెచ్చినాడు. అంతకుముందు సైకిల్‌కు ముందు చక్రం మనిషెత్తు ఉండేది, పడితే తల పగిలేది. రోవర్‌కు రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, వెనక చక్రానికి చైను. మరి కొన్నేళ్లకే ఫ్రేము ఇప్పుడు మనం చూసే ఆకారానికి వచ్చేసింది.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. గొట్టం మందంగా ఉంటే బరువు. పలచగా ఉంటే అతుకు దగ్గర విరుగుతుంది. మడక విరిగినా, బండి నొగ విరిగినా అతుకు దగ్గరే కదా! బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే కుటుంబంలోని ఆల్ఫ్రెడ్ మిల్వర్డ్ రెనాల్డ్స్ 1897లో ఇంకొకరితో కలిసి దీనికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం చివర్లు మందం, నడుమ పలచన, బయటికి మాత్రం ఒకే లావు. బలం కావాల్సిన చోటే ఇనుము ఉంచినాడు.

1935లో ఆ కంపెనీ నుంచే రెనాల్డ్స్ 531 అనే గొట్టం వచ్చింది. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీ స్పిట్‌ఫైర్ విమానాల రెక్కలకు కూడా గొట్టాలు చేసింది. ఇటలీలోని మిలాన్‌లో 1919లో మొదలైన కొలంబస్ కంపెనీ కూడా పేరు తెచ్చుకుంది. వాళ్ల ఎస్సెల్ రకం గొట్టం చివర్ల 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6.

ఇక్కడ నేనూ పొరబడినా. ఖరీదైన ఉక్కు తక్కువ వంగుతుంది అనుకున్నా. కాదు. ఒకే లావు, ఒకే మందం ఉంటే మామూలు ఉక్కైనా, మేలు ఉక్కైనా దాదాపు ఒకేలాగ వంగుతుంది. బరువు దిగినాక మామూలుది సొట్టగా మిగిలిపోయే చోట మేలుది మళ్లీ నిలబడుతుంది. అందుకే దాన్ని పలచగా చేయొచ్చు. బరువు తగ్గేది అట్ల.

ఇంక పేరు సంగతి. మిలాన్‌లో విగొరెల్లి అనే సైకిల్ పందేల మైదానం కింద ఫలియేరో మాసి అనే పనోడి కొట్టు ఉండేది. పెద్ద పెద్ద పందెగాళ్లు ఆయన దగ్గర ఫ్రేము చేయించుకుని, పైన తమకు జీతమిచ్చే కంపెనీ రంగు, పేరు వేయించుకునేవాళ్లు. 1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికోలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కినాడు. ఆ సైకిల్ చేసిన ఎర్నెస్తో కొల్నాగో కూడా చిన్న కొట్టుతో మొదలైన మనిషే. 531 స్టిక్కర్లలోనూ రకాలుండేవి. కొన్ని ఫ్రేముకంతా అదే గొట్టం వాడినారని చెప్తాయి, కొన్ని ముందరి మూడు గొట్టాలకే. స్టిక్కరు మీద రాసిన అక్షరాలు పూర్తిగా చదవాల.

అసలు పనితనమంతా అతుకులో ఉంది. గొట్టాల కొసలను లగ్గు అనే తొడుగులో దూర్చి, ఇత్తడి గానీ వెండి కలిపిన లోహం గానీ కరిగించి పోస్తారు. వేడి ఎక్కువైతే పలచటి ఉక్కు చచ్చిపోతుంది. నాకిది అనుభవమే. నా పాత సైకిల్ విరిగితే టౌన్లో ఒక షాపులో కరెంటు వెల్డింగ్ పెట్టించినా. ఆర్నెల్లకు వెల్డింగు పక్కనే అంగుళం దూరంలో మళ్లీ విరిగింది. 531ను వెల్డింగు చేయగూడదు, పోసి అతకాల్సిందే. వెల్డింగ్ వేడికి ఇంకా గట్టిపడే 853 అనే ఉక్కును రెనాల్డ్స్ తెచ్చింది 1995లో. కాబట్టి లగ్గులు లేకుండా వెల్డింగ్ చేసిన ఫ్రేమంటే చెడ్డదని అనుకోవద్దు, ఏ గొట్టమో అడగండి.

పాత ఫ్రేము దగ్గరికి పోతే ఇవి చూడండి.

ఒకటి, కొలత. తొక్కేవాడి కాళ్లకు, చేతులకు సరిపోకపోతే ఎంత మంచిదైనా దండగ.

రెండు, సీటు కడ్డీ పీకి దాని లావు కొలవండి. బయట 28.6 మిల్లీమీటర్లుండే గొట్టంలో 27.2 కడ్డీ పట్టిందంటే గొట్టం పలచన, మేలురకం. స్టిక్కరు మార్చొచ్చు గానీ ఈ కొలత మార్చలేరు. కడ్డీ రాకుండా బిగుసుకుపోయి ఉంటే వదిలేయండి. వస్తే లోపల టార్చి వేసి తుప్పు చూడండి.

మూడు, హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోటు వెనకాల, కింది గొట్టం అడుగున వేలితో తడమండి. ఉబ్బుగానీ ముడతగానీ తగిలితే అది ఎక్కడో గుద్దుకున్న ఫ్రేము.

నాలుగు, దారం. వెనక చక్రం బిగించే ఒక కొస దగ్గర కట్టి, ముందుకు లాగి హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకు తెచ్చి బిగువుగా కట్టండి. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు పక్కలా సమానంగా ఉండాల.

మేము రెండు ఫ్రేములు చూసినాం. మొదటిదానికి 531 స్టిక్కరు తళతళలాడతాంది, మావోడి కళ్లు దానిమీదే. దారం కడితే ఒక పక్క 4 మిల్లీమీటర్ల తేడా, అడుగున ఉబ్బు. రెండోదానికి పేరే లేదు, రంగు రెండోసారి వేసినది. 27.2 కడ్డీ పట్టింది, అతుకుల అంచున ఇత్తడి ఎక్కడా తెగకుండా సన్నగా పారింది, దారం సమానం. 18 వేలకు తీసుకున్నాం. మిగతా డబ్బు చక్రాలకు, టైర్లకు, బ్రేకులకు.

మావోడు బస్సులో ముఖం ముడుచుకునే కూర్చున్నాడు, పేరు లేదని. నేనేం మాట్లాడలేదు. ఆదివారం 90 కిలోమీటర్లు తొక్కి ఫోన్ చేసినాడు. "నాయనా, ఆ దారం ఉండ పారేయొద్దు, మా ఫ్రెండు కూడా కొంటాడంట" అన్నాడు.

ఉండ గూట్లో పెట్టినా. ఎవురికైనా కావాలంటే ఇంటికి రాండి.